దోటి చివర కాకరపువ్వొత్తి

మా ఇంట్లో మామిడికాయ తొక్కు జాడీ మూత మీద ఒక నల్లరాయి ఉంటుంది. అరచెయ్యంత వెడల్పు, సగం ఇటుకంత మందం. ఒక పక్క నున్నగా ఉంటుంది, ఇంకో పక్క ఎవరో చెంచాతో తోడినట్టు ఒక గుంత, ఆ గుంత కింద సన్నని కాలువ. ముట్టుకుంటే వేళ్లకు కాటుక అంటినట్టు నలుపు అంటుతుంది. అందుకే నా కోడలికి అదంటే అసహ్యం, నాకు ప్రాణం. మూతకు బరువు, ఇంటికి కాపలా. నన్నడక్కుండా ఎవరు జాడీ తెరిచినా వాళ్ల వేళ్లే సాక్ష్యం చెప్తాయి. నా కొడుకు, అరవైకి దగ్గరపడ్డ మనిషి, పోయిన నెల కూడా పట్టుబడ్డాడు.

మొన్న నా మనవరాలు శ్రావణి పట్టుబడింది. అది సోలార్ పలకలు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఎండలో తిరిగి ముఖమంతా మాడ్చుకుని వచ్చి, అన్నం కూడా కలపకుండా ముందు తొక్కు మీద పడింది. తిట్టడానికి నోరు తెరిచాను. అది నా తిట్లు వినే స్థితిలో లేదు. ఆ రాయిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి తిప్పి చూస్తోంది. ఇది రాయి కాదు నాయనమ్మా, గ్రాఫైట్ మోల్డ్‌ల సగం ముక్క, మేం సైట్ల వాడేదే, నీకెక్కడిది అని అడిగింది. నేను చెప్పేలోపే ఫోను తీసి బొమ్మ చూపించింది. వేలి లావు రాగి తీగలు రెండింటిని అలాంటి నల్ల అచ్చులో ఎదురెదురుగా పెట్టారు. పైన ఏదో మందు పోసి మూత వేశారు. ఒకతను సన్నని వైరు పట్టుకుని దూరం జరిగి మీట నొక్కాడు. భగ్గుమని ఒక వెలుగు, ఇంత పొగ. మూత తీస్తే రెండు తీగలు ఒకటే ముద్ద. చూసినవా, దగ్గరికి పోవుడే లేదు అని మురిసిపోయింది శ్రావణి.

"ఎంత దూరం?" అన్నాను.

"ఆరడుగులు."

"మాది పన్నెండు అడుగులు. దోటితోని."

మతి తప్పిన ముసలివాళ్లను చూసినట్టు చూసింది నన్ను. ఆ చూపు కోసమే ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి దాకా. అందులోనూ ఒక ఏడు బడికి పోయింది తక్కువ, పంతులుగారి బర్రెకు గడ్డి కోసింది ఎక్కువ. ఒత్తులు తప్పితే చదివేవాళ్లే పెట్టుకోవాలి.

పెళ్లయిన కొత్తలో మేం తార్నాకలో ఒక పెంకుటింటి వెనక గదిలో ఉండేవాళ్లం. నేను, మా ఆయన యాదగిరి, అత్తమ్మ, చంకలో పిల్లగాడు. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవరు కింద ఆటోలు నిలబడే చోటికి నాలుగడుగుల ఇవతల. అత్తమ్మ అందరికంటే ముందు లేచేది. లేచి ఏ పనీ చేసేది కాదు, మేం లేచేదాకా దగ్గేది. మాకు పొట్టు పొయ్యి ఉండేది. యూనివర్సిటీలో వడ్రంగి పని జరిగేచోట రంపపు పొట్టు ఊరికే పోతుంటే మా ఆయన సంచిలో మోసుకొచ్చేవాడు. దాన్ని డబ్బాలో గట్టిగా దట్టించి ముట్టిస్తే పొద్దంతా నిదానంగా కాలేది. టేకు పొట్టు వచ్చిన రోజు అన్నానికి కూడా టేకు వాసనే. జొన్నరొట్టె కాలే వాసన, పొట్టు పొగ, అత్తమ్మ తలకు రాసుకునే ఆముదం, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ కొత్త బీరువా వాసన వస్తే నాకు ఆకలవుతుంది.

నేను దేన్నీ పారేసేదాన్ని కాదు. మా ఆయన ఖాకీ ప్యాంటు చిరిగితే సంచి అయ్యేది, సంచి చిరిగితే మసిగుడ్డ అయ్యేది, మసిగుడ్డ చిరిగితే దీపం బుడ్డి తుడవడానికి పీలికలయ్యేది. నన్ను కూడా చచ్చినంక ఏదో ఒక పనికి దాస్తవు నువ్వు, అనేవాడు ఆయన. దీపావళికి ఒక పెట్టె కాకరపువ్వొత్తులు కొంటే సగం కాల్చి సగం దాచేదాన్ని. వానకాలం చెమ్మకు పాడవకుండా ఎండుమిరపకాయల డబ్బాలో అడుగున పెట్టేదాన్ని, అత్తమ్మకు తెలియకుండా. ఆమెకు తెలిస్తే దానం చేసేస్తుంది. దానగుణం చాలా ఎక్కువ ఆమెకు, నా వస్తువుల విషయంలో.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాకు మంచి చీర ఒక్కటే ఉండేది. చిచ్చుబుడ్డి ముట్టించేటప్పుడు నిప్పురవ్వ పడి చిల్లు పడుతుందని, చింతకాయ దించే దోటికి చివర కాకరపువ్వొత్తి కట్టి, అంత దూరం నుంచి ముట్టించేదాన్ని. ఎనిమిది మూరల వెదురు. గల్లీ గల్లీ అంతా చేరి నవ్వేది. నవ్వినవాళ్ల చీరలకు చిల్లులున్నాయి, నా చీరకు లేదు.

మా ఆయన యూనివర్సిటీలో కరెంటు పనికి పోయేవాడు. పర్మినెంటు కాదు, మస్టరు మీద పేరు. అంటే పొద్దున పేరు ఉంటే సాయంత్రం ఉంటుందని నమ్మకం లేదు. ఆ ఏడు అక్కడ ఒక కొత్త ల్యాబు కడుతున్నారు. పెద్ద పెద్ద కరెంటు యంత్రాలు పెట్టే ల్యాబు. దానికి ఎర్తింగు వెయ్యాలి. ఎర్తింగు అంటే ఏమిటో ఆయన నాకు చెప్పిన తీరులోనే చెప్తాను. కరెంటు కట్టేసిన ఎద్దు. తాడు తెంపుకుంటే ఎవరో ఒకరిని పొడుస్తుంది. పొడవకుండా నేరుగా భూమిలోకి పోవడానికి దానికొక దారి వేసిపెట్టాలి. ఆ దారే రాగి తీగ. ఎక్కడ అతుకు వదులైతే అక్కడ దారి తెగినట్టు. బోల్టులు బిగిస్తే మట్టిలో రెండు వానలకు చిలుమెక్కి వదులైపోయేవట. అందుకని విదేశంలో చదువుకుని వచ్చిన ఒక ప్రొఫెసరు, ఈ నల్ల అచ్చులు, మందు డబ్బాలు తెప్పించాడు. అచ్చులో మందు మండితే రాగి కరిగి, తీగలు రెండూ ఒకటైపోతాయి. ఇక వందేళ్లు ఊడవు. ఆ ప్రొఫెసరు మంచివాడే, కాకపోతే చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకునేవాడు. అంత చదువు చదివిన మనిషికి అద్దం కొనిచ్చేవాళ్లు లేరా అనుకునేదాన్ని.

మందు ముట్టించాల్సింది మా ఆయన. చేతిలో చెకుముకి లాంటిది ఒకటి ఉంటుంది, టక్కుమని నొక్కితే నిప్పురవ్వ. అచ్చు మూతకున్న సందు దగ్గర పెట్టి నొక్కి, వెనక్కి దూకాలి. మీద నిలబడి పని చేయించేవాడు ఓవర్సీరు. ఎప్పుడూ నోట్లో పాన్, చంకలో గొడుగు. మొదటి రోజు రెండు అతుకులు బాగానే అయ్యాయి. రెండో రోజు పొద్దున్నే, రాత్రంతా గుంత పక్కన మంచులో పడి ఉన్న అచ్చునే తీసి, తుడవకుండా మందు పోయించాడు ఓవర్సీరు. నిప్పురవ్వ పడగానే మూకుట్లో గారె పేలినట్టు పేలి పైకి చిమ్మిందట.

పగటన్నం వేళకు ముందే ఇంటికి వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి నిలబడ్డాడు. ఎడమ కనుబొమ్మ లేదు. మీసం సగమే ఉంది. చేతి వెనక బొబ్బలు. కన్ను ఎర్రగా ఉంది కానీ కనబడుతోంది. అదృష్టం బాగుండి మీసం అడ్డుపడ్డది అని నవ్వుతున్నాడు. అత్తమ్మ గుండెలు బాదుకుని, ముందు నన్ను తిట్టి, తరవాత మందును తిట్టి, దిష్టి తీయడానికి మిరపకాయల కోసం డబ్బాలో చెయ్యి పెట్టింది. మిరపకాయలతో పాటు కాకరపువ్వొత్తులు చేతికి వచ్చాయి. కొడుకు ముఖం చూడాలా, కోడలి దొంగతనం చూడాలా తేల్చుకోలేక, ఒక చేతిలో మిరపకాయలు, ఒక చేతిలో ఒత్తులు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంక ఎన్నున్నయి?" అన్నాను నేను.

ఆయన ఒత్తుల గురించి అనుకోలేదు. "ఇరవై దాకా ఉన్నయి అతుకులు."

"పోకు."

"పోకుంటే ఓవర్సీరు మస్టర్ల పేరు కొట్టేస్తడు. భయమైతే చెప్పు, గోల్నాకల మస్తుమంది ఉన్నరు అన్నడు. ల్యాబు అయితే పర్మినెంటు చేపిస్తమని సారు మాటిచ్చిండు. ఇప్పుడు వదిలిపెడితే ఎట్ల?"

కళ్లే పోతే వైరు పని చేసేవాడికి ఇంకేం మిగులుతుంది. ఎర్ర వైరుకు నల్ల వైరుకు తేడా తెలియని వైరుమన్‌ను ఎవరు పెట్టుకుంటారు. పోతే కన్ను, పోకపోతే పని. ఆ పూట నేను రొట్టెలు చేస్తూ మూడు మాడ్చాను. మాడినవి నేనే తిన్నాను. తింటూ గోడకు ఆనించిన దోటి వైపు చూశాను. అత్తమ్మ ఇంకా పారేయకుండా పట్టుకున్న ఒత్తుల వైపు చూశాను. చీరకు చిల్లు పడకూడదని పన్నెండడుగుల దూరం నిలబడేదాన్ని, మొగుణ్ని చెయ్యంత దూరంలో నిలబెట్టి పంపిస్తానా?

మర్నాడు పన్నెండు గంటలకు సద్ది కట్టుకుని, చంకలో పిల్లవాణ్ని అత్తమ్మకు అప్పగించి, భుజాన దోటి, కొంగులో తొమ్మిది ఒత్తులు మూట గట్టుకుని నడిచి పోయాను. యూనివర్సిటీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు ఆపి మరీ చూశారు. ఒకడు, ఏం కాయలు దించవోతున్నవమ్మా అన్నాడు. నీ తలకాయ బిడ్డా అన్నాను. వాడు ఇప్పుడు ఏ కాలేజీలోనో రిటైరైన ప్రొఫెసరై ఉంటాడు.

గుంత దగ్గర అచ్చు బిగించి సిద్ధంగా ఉంది. మా ఆయన చెకుముకి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. ఓవర్సీరు, ఆడోళ్లకు గీడ ఏం పని అని గొడుగుతో దారి చూపించాడు. నేను సద్ది గిన్నె కింద పెట్టి అక్కడే కూర్చున్నాను. అరుపులకు ప్రొఫెసరు లోపలి నుంచి వచ్చాడు. ఆయనతో మాట్లాడాలంటే నాకు భయమే, కానీ గుండీలు ఆ రోజు కూడా అలాగే ఉన్నాయి. అవి చూశాక ధైర్యం వచ్చింది.

"సారూ, తడి మూకుట్ల నూనె పోస్తే ఏమైతది?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆయన ఇంట్లో మూకుడు ఎక్కడుంటుందో ఆయనకు తెలిసి ఉండదు.

"చిటపట ఎగిరి మీద పడ్తది. అందుకే మేం ముందుగాల మూకుడు కాలవెట్టి, ఆరినంక నూనె పోస్తం. మీ అచ్చు రాత్రంతా మంచుల నానింది. దాంట్ల నిప్పు పోసిన్రు. ఎగరదా మరి?"

ప్రొఫెసరు నన్ను వదిలేసి ఓవర్సీరు వైపు తిరిగాడు. అచ్చులతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఏదని అడిగాడు. అది ఓవర్సీరు బల్ల సొరుగులో, పాన్ డబ్బా కింద దొరికింది. మొదటి పేజీలోనే ఉందట, అచ్చును ముందు వేడి చేసి తడి పోగొట్టాలని. ఆ మాట మీద ఎర్రటి పాన్ మరక. ప్రొఫెసరు ఆ పేజీని చాలాసేపు చూశాడు. ఓవర్సీరు తన గొడుగును చూసుకున్నాడు. వర్క్‌షాపు నుంచి మంట చిమ్మే దీపం తెప్పించి అచ్చును కాచారు. అది బుసబుసమని ఆవిరి వదిలింది. చూసిన్రా అని నేను ఎవరితోనూ అనలేదు. అందరూ చూశారు.

తరవాత దోటి సంగతి చెప్పాను. ఓవర్సీరు నవ్వాడు. ప్రొఫెసరు నవ్వలేదు. కట్టమన్నాడు. మొదటి ఒత్తి కట్టి, ముట్టించి, మా ఆయన దోటి చాచాడు. పన్నెండడుగుల వెదురు చివర ఒత్తి పెళ్లిలో తాగినవాడిలా అటూ ఇటూ ఊగింది. మూతకు తగిలి విరిగి మట్టిలో పడింది. తొమ్మిదిలో ఒకటి పోయింది. రెండోది కట్టారు. ఈసారి అసలు సందు దగ్గరికే పోకుండా కాలిపోయింది. అప్పుడు చూశాను, ఊగుతున్నది వెదురొక్కటే కాదు. ఆయన చెయ్యి వణుకుతోంది. నిన్న సగం మీసంతో వచ్చి నవ్విన మనిషి చెయ్యి. ఇంట్లో నవ్విందంతా మా కోసమేనని నాకప్పుడు తెలిసింది.

ఏమీ ఎరగనట్టు లేచి, వేపచెట్టు కింద పడి ఉన్న పంగల కొమ్మ ఒకటి తెచ్చి, గుంతకూ ఆయనకూ నడుమ భూమిలో పాతాను. బట్టలారేసే తీగ సాగితే ఇట్లాగే పంగల కర్ర నిలబెడతాం. దోటిని ఆ పంగలో ఆనించాను. ఇక వెదురు ఊగదు. వెనక కొస ఇంత ఎత్తితే ముందు కొస అంత దిగుతుంది, అంతే. మూడో ఒత్తి కట్టాను. దోటి ఆయన పట్టుకున్నాడు. నేను వెనక నిలబడి ఆయన చొక్కా పట్టుకున్నాను. పారిపోతాడని కాదు, చొక్కా కొత్తది.

ఒత్తి చిటచిటలాడుతూ ముందుకు పోయింది. ఏడాది పాటు మిరపకాయల్లో పడుకున్న ఒత్తి కదా, ఆ ఘాటుకు ముందు ఓవర్సీరు దగ్గాడు, తరవాత ప్రొఫెసరు తుమ్మాడు. ఆయన రెండో తుమ్ములో ఉండగానే మూత సందులో నిప్పు దిగింది. కళ్లు మూసుకున్నాను, రెప్పల లోపల కూడా తెల్లగా వెలిగింది. తెరిచేసరికి పొగ. దోటి కొస కొంచెం మాడింది. మా ఆయన పన్నెండడుగుల దూరంలో, ఉన్న సగం మీసంతో, ఉన్నట్టే ఉన్నాడు. కాసేపాగి అచ్చు విప్పి, పైన మడ్డి కొట్టేస్తే, లోపల రాగి కొత్తగా తోమిన చెంబులా మెరిసింది. రెండు తీగలు ఎక్కడ కలిశాయో వేలు పెట్టి చూపించలేం.

మిగిలింది ఆరు ఒత్తులు, అతుకులేమో ఇంకా ఇరవైకి ఒకటి తక్కువ. ఒక్కో ఒత్తిని పటకారుతో మూడు ముక్కలు చెయ్యండి, ముట్టుకునేంత ఉంటే చాలు, ఇది పండుగ కాదు అని చెప్పాను. అయినా పద్దెనిమిదే అయ్యాయి. ఒక్క అతుక్కు తక్కువ పడింది. దాని కోసం ఓవర్సీరు ఆఫీసుకు కాగితం రాశాడు. కాకరపువ్వొత్తులు ఒక పెట్టె కావాలని. ఏ పండుగ నిమిత్తం అని అడుగుతూ కాగితం తిరిగి వచ్చిందట. ఆ జవాబు రాసే లోపల నేనే గల్లీలో ఒక ఇంట్లో చేబదులు అడిగి ఒక ఒత్తి పంపించాను. మా ఇంటి ఒత్తి కాదు కాబట్టి ముక్కలు చెయ్యలేదు.

ఆ గుంత కథ అక్కడితో అయిపోలేదు. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, నీళ్లు పోసి, పైన బండ కప్పారు. ఎండాకాలం రోజూ ఒక కుండ నీళ్లు పోయాలి, భూమి తడిగా ఉంటేనే కరెంటుకు దారి బాగుంటుంది అని ప్రొఫెసరు అందరికీ చెప్పాడు. ఎవరూ పోయలేదు. అత్తమ్మ ఒకరోజు కొడుకు గండం తప్పిన చోటు చూస్తానని వచ్చింది. ఉప్పు, బొగ్గు, నీళ్లు, బండ, పక్కన వేపచెట్టు. ఇంక చెప్పాలా. బండకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కుండెడు నీళ్లు పోసి వచ్చింది. వారం తిరిగేసరికి పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్ ఆడవాళ్లు వరస కట్టారు. అది ల్యాబు ఎర్తు అని మా ఆయన నోరు నొప్పి పుట్టేలా చెప్పాడు. ఏ ఎర్తమ్మ అయితేంది, నా కొడుకును కాచింది అన్నది అత్తమ్మ. ఆ ఎండాకాలం ప్రొఫెసరు మీటరు పెట్టి అన్ని గుంతలూ చూసి, అన్నింట్లో అదొక్కటే బాగుందని చెప్పాడట. కారణం అడిగితే మా ఆయన తల గోక్కున్నాడు.

తరవాతి ఏడు తెలంగాణ కోసం కాలేజీలు బందయ్యాయి, పిల్లలు రోడ్ల మీద కూర్చున్నారు, ల్యాబుకు తాళం పడింది. పర్మినెంటు కాగితం ఆ గొడవలన్నీ చల్లారాక వచ్చింది. దోటి పద్ధతి తనదేనని ఓవర్సీరు రిపోర్టులో రాసుకున్నాడట. రాసుకోనీ. కాగితం మీద వెదురు కర్రకు బరువెంత.

అచ్చులు వాడగా వాడగా అంచులు రాలిపోతాయి. పాడైన అచ్చులో సగం ముక్క మా ఆయన ఇంటికి తెచ్చి, నీకు పనికొస్తదని తెచ్చిన అని చేతిలో పెట్టాడు. చీర తెచ్చిన మొగుళ్లను చూశాను, గాజులు తెచ్చిన మొగుళ్లను చూశాను. నన్ను అంత సరిగ్గా ఎరిగిన మొగుణ్ని మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

మీసం మళ్లీ వచ్చింది కానీ ఎడమ పక్క చివరిదాకా కొంచెం పలచనే. కళ్లకు మాత్రం ఏమీ కాలేదు. డెబ్బై దాటాక కూడా అద్దాలు లేకుండా నా సూదిలో దారం ఆయనే ఎక్కించేవాడు. నాలుక కొసతో దారం తడిపి, ఒక కన్ను మూసి, ఒకేసారికి. ఏ కన్ను మూసినా ఎక్కేది. ఆయన పోయినప్పటి నుంచి శ్రావణి వచ్చినప్పుడల్లా పది సూదులకు దారాలు ఎక్కించి, పాత కేలండరు అట్టకు గుచ్చి పోతుంది.

ఇదంతా విన్నాక, ఆ సగం అచ్చు నాకియ్యి నాయనమ్మా, ఆఫీసుల పెట్టుకుంట అన్నది. ఊరికే ఎవరిస్తారు, జాడీకి బరువు ఎవరు పెడతారు అన్నాను. తరవాత అడగాల్సింది అడిగాను.

"మీట నొక్కేది ఎవరు?"

"నేనే ఎక్కువ."

"ముందుగాల అచ్చు కాలవెడ్తరా?"

"పెడ్తం. బుక్‌ల ఉన్నది."

"నువ్వు చదివినవా, సొరుగుల పెట్టినవా?"

"చదివిన నాయనమ్మా."

"అయితే ఆరడుగులేంది? తీగకు కరువొచ్చిందా?"

నవ్వింది. మళ్లీ పదిహేను రోజులకు వచ్చింది. సంచిలో నుంచి కాగితంలో చుట్టిన నల్ల ముక్క తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ల సైటులో వాడి వాడి అంచులు రాలిన అచ్చు, సగం. బదులుకు బదులు అన్నది. తూచి చూశాను, కొంచెం తేలిక. నలుపు మాత్రం అంతే నలుపు. పాతది దానికిచ్చి కొత్తది జాడీ మీద పెట్టాను. శ్రావణి సూదులు ముందేసుకుని, ఒక కన్ను మూసి దారం ఎక్కిస్తూ, పైవాళ్లతో కొట్లాడి పదిహేనడుగుల వైరు తెప్పించుకున్నానని చెప్పింది.

మా దోటి కంటే మూడడుగులు ఎక్కువ. లేచి, రాయి పక్కకు పెట్టి, అది అడక్కముందే పళ్లెంలో తొక్కు వేశాను.